మెడికల్ కోసం దాచిన చెయ్యి

చంద్రపూర్‌లో భుజం నొప్పికి మందు తెలియని మనిషి ఒక్కడైనా ఉన్నాడా అని ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఇంతవరకు నాకు తగల్లేదు. పాలు పోసేవాడికి తెలుసు. బస్సు కండక్టరుకు తెలుసు. కోర్టు ముందు టైపు కొట్టేవాడికి ఇంకా బాగా తెలుసు. ఒకడు ఆముదం రాయమంటాడు, ఒకడు ఇటుక కాచి పెట్టమంటాడు, ఒకడు తన బావమరిదికి నయమైన సూది పేరు చీటీ మీద రాసి మరీ ఇస్తాడు. చెప్పేవాళ్ల సొమ్మేం పోయింది? భుజం వాళ్లది కాదు కదా. అందరి మాటా విని, అన్నీ చేసి, చెయ్యి కొయ్యబారాక అప్పుడు మా మెట్లెక్కుతారు.

నా పేరు హేమలత. పుట్టిల్లు విసాపూర్. చంద్రపూర్‌లో ఒక ఎముకల డాక్టరు దగ్గర, కసరత్తు గదిలో పని చేస్తాను. ఫిజియోథెరపీ చదివిన మేడమ్ నాగపూర్ నుంచి వారానికి మూడు రోజులు వస్తుంది. మిగతా మూడు రోజులు ఆమె చెప్పి వెళ్లినట్టు రోగుల చేత చేయించేది నేనే. బడిలో చదివిందంతా మరాఠీ. తెలుగు అక్షరాలు మా మేనమామ దిద్దించాడు కాబట్టి ఈ మాత్రం రాస్తున్నాను. నాకు నోరు ఎక్కువని అంటారు. నిజమే, ఎక్కువే. నొప్పికి భయపడి చెయ్యి కదపనివాళ్లతో నోరు లేకుండా పని జరగదు.

ఇది తొంభై ఆరు నాటి ముచ్చట. అప్పుడప్పుడే గల్లీకొక ఎస్టీడీ బూతు, ఇంటింటికీ కేబుల్ తీగ వచ్చాయి. దేశానికి కొత్త గాలి తగిలిందని పేపర్లు రాసేవి. ఆ గాలికి మా ఊరికి కొట్టుకొచ్చినవి అయస్కాంతం కడియాలు. చేతికి వేసుకుంటే చాలు, భుజం, మెడ, నడుము అన్నీ బాగవుతాయట. బ్యాంకు మేనేజరు వేసుకున్నాడు. సైన్సు చెప్పే మాస్టరు వేసుకున్నాడు. చదువుకున్నవాళ్లే ఇనుప ముక్కను నమ్ముకుంటే చదువు లేనివాళ్లను ఏమని తిడతాం? అయినా నేను తిట్టాను.

జనం భుజం నొప్పి అంతా ఒకటే జబ్బు అనుకుంటారు. కాదు. ఎముక గిన్నెలోంచి జారడం ఒకటి. కబడ్డీ ఆడేవాళ్లకు, ఎడ్ల పగ్గాలు గుంజేవాళ్లకు అవుతుంది. తెలిసినవాళ్లు దాన్ని లోపలికి నెట్టి, చెయ్యికి జోలె కట్టి, కొన్ని వారాలు కదలకుండా ఉంచాలి. కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు ఒరుసుకుని వాయడం, వయసు మీద పడ్డాక చిరగడం ఇంకొకటి. సున్నాలు వేసేవాళ్లకు, రోజూ దుకాణం షట్టరు ఎత్తే షావుకార్లకు వస్తుంది. కొన్నాళ్లు విశ్రాంతి, మందులు, ఆ తర్వాత బలం వచ్చే కసరత్తు, మరీ తెగిపోతే ఆపరేషన్. మూడోది బిగుసుకుపోయే భుజం. కీలు చుట్టూ ఉన్న సంచి మందమై, ముడుచుకుని, చెయ్యిని ఎటూ రానివ్వదు. నలభై దాటిన ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ. దాన్ని కదపకుండా ఉంచితే ఇంకా బిగుస్తుంది. నొప్పి ఓర్చుకుని రోజూ కదపాలి. ఒకదాని వైద్యం తెచ్చి ఇంకోదానికి అంటగడితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే అవుతుంది. ఈ తేడా తెలియక ఒక ఊరికి ఊరు కలిసి తిరుపతమ్మ చెయ్యి పాడు చేసింది.

తిరుపతమ్మది రాజురా అవతల, సాస్తి దిక్కు ఒక చిన్న ఊరు. తాతల నాటి నుంచి తెలుగు రైతులే ఉన్న ఊరు. పదిహేనో ఏట ఆదిలాబాద్ పక్క నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. మొగుడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయేనాటికి ఆమెకు ముప్పై అయిదు. ఒక్కతే బిడ్డ, కోమల. బామ్నిలో ఇచ్చి చేసింది. మగదిక్కు లేదు, పొలం పాలుకు ఇచ్చెయ్యమని అందరూ చెప్పారు. ఇవ్వలేదు. దున్నడానికి ఒక మనిషిని పెట్టుకుని విత్తడం, కలుపు తియ్యడం, పత్తి ఏరడం, మూటలు బండికెత్తడం అంతా తానే చేసుకుంది. ఎనిమిదేళ్లు అలాగే గడిపింది. ఆ ఎనిమిదేళ్లలో నీ రెక్కలు నొయ్యవా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

తర్వాత బొగ్గు గని పెరుగుతూ పెరుగుతూ ఆ ఊరి పొలాల దాకా వచ్చింది. వాన మీద పండే ఒక్క చెలక ముక్క తప్ప తిరుపతమ్మ భూమి అంతా పోయింది. భూమి పోయినందుకు ఆ ఇంటికి ఒక నౌకరీ అన్నారు. ఇక చూడండి, అప్పటిదాకా కనపడని చుట్టాలంతా తొలకరికి కప్పలు వచ్చినట్టు వచ్చారు. ఆడదానికి గనిలో నౌకరీ ఏంటి, మరిది కొడుకు రామకిషన్ పేరు రాయమన్నారు కొందరు. అల్లుడి పేరు రాయమన్నారు కొందరు. తిరుపతమ్మ అందరికీ ఛాయ్ పోసింది, అందరి మాటా వింది, ఆఫీసుకు పోయి తన పేరే రాయించింది.

“భూమి నాది. నౌకరీ నాకే గావాలె” అందట.

ఆఫీసులో గుమాస్తా కాయిదాలు తీసుకుని, గని డాక్టరు చేసే మెడికల్ పరీక్ష పాస్ కావాలని చెప్పాడు. పిలుపు ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నాడు. ఆమె పనికిరాదని తేలితే ఆ ఇంటి నుంచి ఇంకో పేరు ఇవ్వొచ్చు, కానీ ఆలస్యం చెయ్యకూడదన్నాడు. ఆ చివరి మాట ఊళ్లో అందరికీ బాగా గుర్తుండిపోయింది.

ఆ దీపావళి వెళ్లాక, మిగిలిన చెలకలో పత్తి మూట బండికెత్తుతుంటే ఆమె కుడి జబ్బలో కలుక్కుమంది. అదేమంత పెద్దది కాదు. మామూలు రోజుల్లో అయితే ఉప్పు కాపడం పెట్టుకుని మర్నాడు మళ్లీ పనికి పోయేది. కానీ మెడికల్ ఉందాయె. మరిది గట్టయ్య పరుగెత్తుకొచ్చాడు.

“వదినా, ఇగ గా చెయ్యితోని పని పెట్టుకోకు. మెడికల్ దాక దాచిపెట్టు. ఇప్పుడు ఖరాబ్ చేస్కున్నవంటే నౌకరీ పాయె” అన్నాడు.

“మరి పనులు ఎవలు జేస్తరు?”

“మా సత్తమ్మ లేదా? అన్ని చేస్తది. నువ్వు కూసో.”

సత్తమ్మ అంటే గట్టయ్య భార్య. గోడ అవతలే కాపురం. గట్టయ్యకు భుజాల సంగతి తెలుసట. పదేళ్ల కింద ఎద్దు బెదిరి పగ్గం గుంజితే ఆయన భుజం జారింది. కట్లు కట్టే అప్పలనర్సయ్య దాన్ని లోపలికి నెట్టి, మూడు వారాలు చేతిని ఛాతీకి కట్టి ఉంచాడు. బాగైంది. అంతే, ఆనాటి నుంచి ఆ ఊళ్లో భుజం నొప్పి అంటే కట్టెయ్యడమే. ఒక్కడికి నయమైతే ఊరంతా డాక్టర్లయినట్టే. మళ్లీ ఆ అప్పలనర్సయ్యనే పిలిచారు. ఆయన తిరుపతమ్మకు ఏమైందని కూడా సరిగా చూడలేదు. కోడిగుడ్డు సొనలో మినుప పిండి కలిపి పూసి, పాత ధోవతి చింపి, చేతిని ఛాతీకి బిగించి కట్టాడు. కదపొద్దన్నాడు. ఎన్నాళ్లని ఎవరూ అడగలేదు. మెడికల్ దాకా అని వాళ్లే అనుకున్నారు.

పెళ్లికి పట్టుచీర దాచుకుంటారు, వచ్చే ఏటికి విత్తనాలు దాచుకుంటారు. చెయ్యిని దాచుకున్న ఊరి సంగతి మాత్రం నేను అదొక్కటే విన్నాను. సత్తమ్మ నీళ్లు తెచ్చేది, వండేది, తల దువ్వి జడ వేసేది. కోమల వచ్చినప్పుడు అన్నం కలిపి ముద్దలు పెట్టేది. దారిన పోయేవాళ్లు గడప దగ్గర ఆగి “చెయ్యి పైలమేనా?” అని అడిగి పోయేవాళ్లు. ఎనిమిదేళ్లు అడగనివాళ్లకు నౌకరీ చెయ్యి అనేసరికి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చూడండి.

మొదట్లో నొప్పి తగ్గింది. అందరూ సంబరపడ్డారు. నెల తిరిగేసరికి జబ్బ లోపల పీకడం మొదలైంది. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. కట్టు వదులైందని ఇంకా బిగించి కట్టారు. రాజురాలో ఒక సూదుల డాక్టరు వారానికొక సూది నడుము కింద పొడిచాడు. భుజం ఎక్కడ, నడుము ఎక్కడ? ఆయన్ని అడిగేవాళ్లెవరు? అల్లుడు అయస్కాంతం కడియాలు తెచ్చాడు, ఒకటి కాదు రెండు. ఇలా నాలుగు నెలలు ఆ చెయ్యిని దేవుడి విగ్రహంలా కూర్చోబెట్టి సేవ చేశారు.

మార్చి నడుమ పిలుపు వచ్చింది. మే రెండో వారంలో మెడికల్. గట్టయ్య వాకిట్లో పదిమందిని పోగేసి కట్టు విప్పించాడు.

“ఎత్తు వదినా” అన్నాడట.

చెయ్యి ఒంటి పక్క నుంచి జానెడు లేచి ఆగిపోయింది. ఆమె ఎంత ప్రయత్నించినా అంతే. చూసినవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పోయారట. ఆ పోవడం మాత్రం నాకు బాగా నమ్మబుద్ధి అవుతుంది.

మరుసటి రోజు కోమల తల్లిని మా దగ్గరికి తీసుకొచ్చింది. బస్సులో పై కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి లేవక, మలుపు దగ్గర పడి మోకాలు కొట్టుకుపోయి వచ్చింది తిరుపతమ్మ. మా డాక్టరు మరాఠీ మనిషి, తక్కువ మాట్లాడతాడు. ముందు ఆమెనే ఎత్తమన్నాడు. రాలేదు. తర్వాత ఆమెను వదులుగా ఉండమని చెప్పి తానే ఆ చేతిని పట్టుకుని ఎత్తి చూశాడు. అప్పుడూ రాలేదు.

“చూశావా హేమలతా” అన్నాడు నాతో మరాఠీలో. “లోపలి తాడు తెగి ఉంటే ఆమె ఎత్తలేకపోయినా నేను ఎత్తగలను. నేను ఎత్తినా రావడం లేదు. భుజం బిగుసుకుపోయింది.”

ఎక్స్‌రేలో ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. రక్తం పరీక్షలో షుగర్ ఉన్నట్టు తేలింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. షుగర్ ఉన్న భుజం ఊరికే బిగుసుకోవాలని చూస్తుంటుంది, దానికి నాలుగు నెలల కట్టు తోడైంది. పూర్తిగా బాగవడానికి ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు అన్నాడు డాక్టరు. నేను తెలుగులో చెప్పాను.

“ఎనిమిది వారాలే ఉన్నయి సార్” అంది తిరుపతమ్మ, నేరుగా ఆయనతోనే, తెలుగులోనే.

మేలో గని మెడికల్ ఉందని, అప్పటికి ఎనిమిది వారాలే ఉన్నాయని ఆయనకు మరాఠీలో చెప్పాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, కీలు లోపలికి సూది వేస్తానన్నాడు. నొప్పి తగ్గితే కసరత్తుకు వీలవుతుంది. షుగర్ కొన్ని రోజులు పెరగొచ్చు, చూసుకోవాలి. మిగతాది కసరత్తు గదిలో జరగాలి. మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు.

గదిలోకి తీసుకొచ్చాక నేను ఊరుకోలేదు.

“నాలుగు నెలలు గట్లనే కట్టుకొని కూసున్నవా? అక్కల్ ఎటు వోయింది నీకు? చెయ్యేమన్న పెట్టెల పెట్టుకునే బంగారమా?”

తిరుపతమ్మ నా మొహంలోకి చూసింది.

“నాకు గా చెయ్యే బంగారం చెల్లె” అంది. “భూమి లేదు, మొగడు లేడు. గీ నౌకరీ గిట్ల పోతే రేపటికెల్లి మరిది ఇంట్ల ముద్ద తినాలె. పెడ్తరు. పెట్టరని గాదు. కని తినబుద్ధి గాదు.”

నాకు ఆమె మీద కూడా కోపంగానే ఉంది. మొండిగా భూమి నిలబెట్టుకున్న మనిషి, మొండిగా పేరు రాయించుకున్న మనిషి, ఒక ధోవతి పీలిక ముందు ఎందుకు నోరు మూసుకుంది? అడిగితే చెప్పింది, ఎనిమిదేళ్లలో ఎవరైనా తనను కూర్చోమనడం అదే మొదటిసారని. సుఖంగా అనిపించిందట. ఇంక నేనేం తిట్టను?

పని మొదలుపెట్టాం. ముందు వేడి నీళ్ల సంచితో కాపడం. తర్వాత ముందుకు వంగి, ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, కుడి చేతిలో నీళ్ల చెంబు పట్టుకుని, ఊరికే వేలాడదీసి ఊపడం. తర్వాత గోడ. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో ఒక్కొక్క అడుగు పైకి నడిపించాలి. మొదటి రోజు వేళ్లు ఆగిన చోట సుద్దముక్కతో గీత గీశాను. అది ఆమె నడుముకు కొంచెం పైన. తర్వాత తలుపు పైన గిలక మీదుగా తాడు, మంచి చేత్తో గుంజితే చెడ్డ చెయ్యి లేస్తుంది. మధ్యలో మేడమ్ ఆమెను పడుకోబెట్టి చేతిని తానే పట్టుకుని మెల్లగా సాగదీసేది. అప్పుడు తిరుపతమ్మ అరవదు. పళ్లు కొరుక్కుని పైకప్పు చూస్తుంది. ఒకసారి మాత్రం మధ్యలో నవ్వింది. ఎందుకంటే, కాన్పు ఇంతకన్నా నయం, చివరికి పిల్లనైనా చేతికిస్తారు అంది.

మోసం కూడా చేసింది. భుజం లేవకపోతే ఒళ్లు పక్కకు వంచి, మడమలు ఎత్తి గీత అందుకోవాలని చూసేది.

“నన్ను మోసం జేస్తే ఏమొస్తదక్కా? అక్కడ చూసేటోడు నేను గాదు” అని నేను ఆమె నడుం పట్టుకుని గోడకు నిటారుగా నిలబెట్టేదాన్ని.

మా దగ్గరికి వచ్చేది వారానికి మూడు రోజులు. మిగతా రోజులు, పూటకోసారి, ఇంట్లో చేసుకోవాలి. అక్కడే అసలు తిప్పలు. ఆమె గోడ మీద వేళ్లు నడిపిస్తుంటే పక్కింటివాళ్లు పిల్లల్ని పిలిచి మరీ చూపించారు. చెంబు పట్టుకుంటే సత్తమ్మ లాక్కుంది, నొస్తుంది అక్కా, నేను తెస్త కదా అని. ఇంటి దూలానికి తాడు వేసుకుంటే గట్టయ్య వచ్చి విప్పేశాడు.

“మొగడు లేని ఆడిదాని ఇంట్ల దూలానికి తాడు యేలాడితే చూసినోళ్లు ఏమనుకుంటరు వదినా?” అన్నాడట.

నాలుగు నెలలు నిలువునా కట్టేస్తే ఎవరూ ఏమీ అనుకోలేదు. చెయ్యి బాగుచేసుకునే తాడు మీద మాత్రం వాళ్లకు ఎక్కడలేని ఆలోచన వచ్చింది. ఆమె ఆ తాడు తీసుకుపోయి పశువుల కొట్టంలో వాసానికి వేసుకుంది. కొట్టంలో అయితే ఎవరికీ అభ్యంతరం లేదు.

నాకు గట్టయ్య మీద అనుమానం పుట్టింది. పుట్టదా? వదిన ఫెయిలైతే నౌకరీ ఎవరికి పోతుంది? రామకిషన్‌కే కదా. చేతిని కట్టించిందీ ఆయనే, తాడు విప్పిందీ ఆయనే. ఒకరోజు కాపడం పెడుతూ తిరుపతమ్మతో అనేశాను.

“గాయిన కావాలనే చేసిండక్కా. నీకు అర్థమైతలేదు.”

ఆమె వేడి నీళ్ల సంచిని భుజం వెనక్కి జరుపుకుంది.

“ఏమో చెల్లె” అంది. “మంచిగనే చేసిండనుకుంట. చెడ్డకు చేసినా, చెయ్యి ఎత్తాల్సింది నేనే గద.”

మూడో వారానికి గీత ఆమె ఛాతీ దాకా వచ్చింది. అయిదో వారానికి భుజం దాటింది. ఆరో వారం మొత్తం ఒక్క వేలెడు కూడా జరగలేదు. ఆ వారం ఆమె రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి గోడ ముందు నిలబడింది. ఏడో వారం మళ్లీ కదిలింది. చివరి రోజున చెయ్యి చెవికి కాస్త ముందుగా, నెత్తి పైకి లేచింది. ఒళ్లు వంచకుండానే. కానీ అక్కడ నాలుగైదు క్షణాల కన్నా ఆగేది కాదు, వణికి కిందికి వచ్చేసేది. వెనక్కి మాత్రం నడుము దాటలేదు. వీపు మీద చెయ్యి పెట్టి చూపించమంటే ఏం చేస్తుందోనని నాకు గుబులు పట్టుకుంది. దేవుడికి మొక్కే అలవాటు నాకు లేదు, అందుకని డాక్టరు దగ్గర ఒక రోజు సెలవు అడిగి ఆమెతో పోయాను.

మే నెల మా వైపు ఎండ సంగతి చెప్పేదేముంది? పొద్దున పదింటికే గని దవాఖాన వరండాలో బల్ల కాలుతోంది. పేరు పిలిస్తే తిరుపతమ్మ లోపలికి పోయింది. బయట బల్ల మీద ఒక కొసన నేను, రెండో కొసన గట్టయ్య. అదే మొదటిసారి ఆయన్ని చూడటం. సన్నటి మనిషి, తెల్ల టోపీ, చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. కవరులోంచి ఫోటోలు కనపడుతున్నాయి, కుర్రాడివి. పదో తరగతి సర్టిఫికెట్ కూడా ఉంది.

“రామకిషన్ కాయిదాలా?” అన్నాను.

“అవ్ బిడ్డ.”

“ముందుగాలనే తెచ్చుకున్నరు.”

“ఆలస్యం చెయ్యొద్దన్నరు గద. వదిన పాస్ గాకుంటే ఇయ్యాలనే ఇంకో పేరు ఇయ్యాలె. లేకుంటే భూమి పాయె, నౌకరీ పాయె.”

నాకు ఒళ్లు మండింది. “గందుకేనా నాలుగు నెల్లు కట్టి కూసోబెట్టిన్రు?” అని అడిగేశాను, ఏ దాపరికం లేకుండా.

ఆయన కోపగించుకోలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నా చెయ్యి గట్లనే బాగైంది బిడ్డ. నాకు తెల్సింది గదే. దీనికి కట్టుడు, దానికి కదుపుడు అని మాకెవలు జెప్పిన్రు?” అన్నాడు. టోపీ మడతపెడుతూ, “కొడుక్కు వస్తే మంచిగుండు అని మనసుల లేదని అంటే అబద్ధమైతది. ఉన్నది. కని చెయ్యి ఖరాబ్ కావాలని కట్టలే” అన్నాడు.

నిజమే చెప్పాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ పూట మాత్రం నేను నమ్మలేదు. మనసులో కొడుకు నౌకరీ పెట్టుకుని వదిన చేతికి కట్టు కడితే ముడి గట్టిగానే పడుతుందని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు.

అరగంట దాటాక తిరుపతమ్మ బయటికొచ్చింది. జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుడి చేతిని ఎడమ చేత్తో మోచేతి దగ్గర పట్టుకుంది. మా ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్న చోట కూర్చుంది. ఇద్దరం ఆమె నోటి వంకే చూస్తున్నాం.

“డాక్టర్ చెయ్యి వెనకకు పెట్టుమన్నడా?” అని నేనే అడిగాను.

“పెట్టుమన్నడు. నడుం దాకనే వచ్చింది. నొస్తుందా అన్నడు. నొస్తుందన్న. ఏందో రాసుకున్నడు.”



“మరి పైకి?”

“రెండు చేతులు ఎత్తుమన్నడు. ఎత్తిన. గంతల ఎవలో కాయిదాలు పట్టుకొచ్చిన్రు. ఆయన సంతకాలు వెట్టుకుంట కూసున్నడు. నా దిక్కు చూస్తలేడు.”

“నువ్వు దించినవా?”

“దించుమనలే.”

“ఎంతసేపు గట్లనే ఉన్నవ్?”

“ఏమో చెల్లె. అన్ని కాయిదాలు అయిపోయేదాక. కండ్లల్లకెల్లి నీళ్లు కారినయి, తుడుసుకుందామంటే చేతులు పైననే ఉండె. గప్పుడు చూసిండు. ఇంక దించలేదా బాయీ అన్నడు. మీరు దించుమనలే సార్ అన్న. కొద్దిసేపు నా మొకం చూసి రాసిండు. ఫిట్ అనే రాసిండట, బయటికొస్తుంటే గుమాస్తా జెప్పిండు.”

నా గోడ మీద నాలుగైదు క్షణాలు నిలవని చెయ్యి అది. గట్టయ్య చంకలోని కవరును నెమ్మదిగా మడిచి, చొక్కా లోపలికి దోపుకున్నాడు. లేచిపోయి వరండా చివరి కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆమె చేతికి ఇవ్వలేదు. అలవాటు ప్రకారం తానే ఆమె నోటి దగ్గర పెట్టబోయాడు.

“మస్తు నొచ్చిందా వదినా?” అన్నాడు.

తిరుపతమ్మ కుడి చెయ్యి చాపి ఆ గ్లాసు అందుకుంది. సగం నీళ్లు చీర మీద పడ్డాయి. మిగిలినవి తాగింది.

“నొచ్చింది గట్టయ్యా” అంది. “నువ్వు కట్టిన నాడు నొయ్యలే, ఇయ్యాల నొచ్చింది. రేపటికెల్లి నా నీళ్లు నేనే తెచ్చుకుంట. నా బిందె ముట్టొద్దని సత్తమ్మకు జెప్పు.”